మొగ్గ మాడకముందే మేల్కొందాం

జనవరిలో మాడే మొగ్గ గురించి నవంబరు సంచికలో ఎందుకు రాస్తున్నారని మీరు అడగవచ్చు. మాడేది జనవరిలోనే అయినా దాని రాత నవంబరు, డిసెంబరు నెలల్లోనే చాలావరకు తేలిపోతుంది. అందుకే ఈసారి సంపాదకీయాన్ని మినుము మొగ్గకు కేటాయించాం.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలెక్కి జంపని, వేమూరు, భట్టిప్రోలు మీదుగా సంక్రాంతి రోజుల్లో ప్రయాణం చేసినవారికి ఆ పైరు తెలుసు. వరి దుబ్బుల మధ్య దున్నకుండా, బోదె తీయకుండా, నేలలో మిగిలిన చెమ్మనే నమ్ముకుని మొలిచి పరుచుకున్న మినుము అది. ఒకప్పుడు కృష్ణా పశ్చిమ డెల్టాలో రెండో పైరంటే మినుమే. పల్లాకు తెగులు, బంగారు తీగ, మొగ్గ రాలుడు కలిసి రైతును విసిగించాక చాలా పొలాలు మొక్కజొన్నకూ జొన్నకూ మళ్లాయి. అయినా నీటి తడికి దారిలేని చోట, పెట్టుబడి పెట్టే శక్తి లేనివారికి ఈనాటికీ మినుమే దిక్కు.

ఆ శక్తి లేనివారిలో ఎక్కువమంది కౌలు రైతులు. డెల్టాలో కౌలు లెక్క తెలియనిదేమీ కాదు. తొలి పంట వడ్లు భూయజమాని కౌలుకూ, ఎరువుల కొట్టు బాకీకీ, కోత యంత్రం బాడుగకూ పోతాయి. కౌలుదారు కుటుంబం చేతిలో మిగిలేది చాలా చోట్ల ఆ రెండో పైరే. పిల్లల ఫీజులైనా, ఇంట్లో శుభకార్యమైనా, వచ్చే తొలకరి విత్తనాలైనా మినుములు అమ్మిన డబ్బుతోనే. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,800 రూపాయలు. మొగ్గ మాడి ఎకరానికి ఒక్క క్వింటాలు తగ్గినా పోయేది ఆ 7,800. అది కౌలుదారు కూలి. అందుకే ఈ మొగ్గ మాకు చిన్న విషయం కాదు.

మొగ్గలోనే కాయ

మినుము పువ్వు తీరు ముందుగా తెలుసుకోవాలి. గుమ్మడి, పుచ్చ వంటి పాదులకు తేనెటీగ వచ్చి పుప్పొడి మోస్తే తప్ప కాయ పట్టదు. మినుముకు ఆ అవసరం లేదు. దాని పువ్వులో పరాగ సంపర్కం తనంతట తానే, చాలావరకు మొగ్గ విచ్చకముందే, లోపలే జరిగిపోతుంది. పసుపు రంగు పువ్వు మనకు కనిపించేనాటికి కాయ పట్టేదీ లేనిదీ తేలిపోయి ఉంటుంది. కాబట్టి ఈ పైరులో మొగ్గ మాడిందంటే కాయ పోయినట్టే.

ఇంకో సంగతి. అపరాల పైర్లలో పూసిన పూతలో సగానికి పైగా రాలిపోవడం సహజమే. మొక్క తాను మోయగలిగినన్ని కాయలే ఉంచుకుంటుంది. నేలలో తేమ చాలక, ఆకు తయారుచేసే ఆహారం సరిపోక, వేడి పెరిగి మొక్క ఒత్తిడికి లోనైతే దానిలో ఇథిలీన్ అనే వాయువు ఎక్కువవుతుంది. మొగ్గ తొడిమె దగ్గర విడిపోయే పొర ఏర్పడుతుంది. మొగ్గ వాడి, ఎండి, గాలి తగిలితే రాలుతుంది. తల్లిమొక్క బతకడానికి చేసుకునే ఏర్పాటు ఇది. కొద్దిగా రాలితే కంగారు అక్కర్లేదు. గుత్తికి అయిదారు మొగ్గలు వేసి ఒక్క పిందె కూడా నిలవకపోతే, అదీ చేనంతా అలాగే ఉంటే, అప్పుడు కారణం వెతకాలి.

వెతకడం దగ్గరే మనం వెనకబడుతున్నాం. మొగ్గ మాడగానే చేను చూడకుండా మందుల కొట్టుకు వెళుతున్నాం. కొట్టాయన చేను చూడలేదు కనుక రెండు మూడు మందులు కలిపి ఇస్తాడు. పురుగు ఉందో లేదో తెలియకుండానే పిచికారీ అయిపోతుంది. చెమ్మ చాలక మాడిన మొగ్గకు పురుగు మందు కొడితే మొగ్గ నిలవదు, డబ్బు మాత్రం పోతుంది.

చేలోకి దిగి చూడండి

మొగ్గ మాడిన తీరే కారణం చెబుతుంది. ఇందుకు పరికరాలేమీ అక్కర్లేదు. ఒక తెల్ల కాగితం, రెండు కళ్లు, పొద్దున్నే అరగంట సమయం చాలు. గట్టు దగ్గరే ఆగకుండా చేను మూలల్లో నాలుగు చోట్ల, మధ్యలో ఒక చోట చూడాలి.

మొగ్గలు, లేత ఆకులు, పువ్వులు సాలెగూడు లాంటి దారంతో అతుక్కుని గూడు కట్టి ఉంటే అది మారుకా మచ్చల పురుగు. తల్లి రెక్కల పురుగు మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు మొగ్గ లోపలికి దూరి తింటుంది. ఆ మొగ్గను చీల్చి చూస్తే లోపల పురుగో దాని విసర్జనో కనిపిస్తుంది. గూడు కట్టాక మందు లోపలికి చేరదు. అందుకే ఈ పురుగు విషయంలో మొగ్గ దశ దాటిన తరువాత కొట్టే మందుకు ఫలితం తక్కువ.

మొగ్గల గుత్తిని తెల్ల కాగితం మీద దులిపితే సన్నని గీతల్లాంటి పురుగులు కదిలితే అవి తామర పురుగులు. ఇవి మొగ్గను గీరి రసం పీలుస్తాయి. మొగ్గ గోధుమ రంగుకు మారి విచ్చకుండానే ఎండుతుంది. ఇవే లేత దశలో ఆకుముడత, తలమాడు తెగులును కూడా మోసుకొస్తాయి. ఆ తెగులు సోకిన మొక్క చివర మాడిపోయి, పూత రాకుండానే పనికిరాకుండా పోతుంది.

ఆకుల మీద పసుపు మచ్చలు కలిసిపోయి మొక్క మొత్తం పసుపుపచ్చగా మారితే పల్లాకు తెగులు. దీన్ని తెల్లదోమ వ్యాపింపజేస్తుంది. తెగులు ముందుగా వస్తే మొగ్గ వేయదు, వేసినా నిలవదు. ఈ మొక్కకు మందు లేదు. పీకి నాశనం చేయడమే దారి.

ఆకుల మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర కనిపిస్తే బూడిద తెగులు. చలి, మంచు ఉండే రోజుల్లో వస్తుంది. ఆకు పనిచేయడం మానేస్తే మొగ్గకు ఆహారం అందదు.

పురుగూ లేదు, తెగులూ లేదు, కాని మిట్టమధ్యాహ్నం ఆకులు వాలిపోతున్నాయి, నేల నెర్రెలు విచ్చుతోంది, మొగ్గ తొడిమె దగ్గర శుభ్రంగా విడిపోయి రాలుతోంది అంటే అది చెమ్మ కరువు. దీనికి తోడు పగటి వేడి 35 డిగ్రీలు దాటి పొడిగాలి వీస్తే పుప్పొడి చేవ కూడా తగ్గుతుంది. ఇందుకు తలకిందులుగా, అకాల వర్షానికి నీరు నిలిచిన పల్లపు చెక్కల్లో వేరుకు గాలి ఆడక మొగ్గ పసుపుబారి రాలుతుంది. ఒకే చేలో మెరక మీద చెమ్మ చాలక, పల్లంలో నీరు ఎక్కువై, రెండు చోట్లా మొగ్గ రాలడం మన నల్ల నేలల్లో కొత్త కాదు.

కారణం తెలిశాకే చికిత్స. మొగ్గ వేసే దశలో, గూళ్లు కట్టకముందే వేపగింజల కషాయం 5 శాతం పిచికారీ చేస్తే మారుకా గుడ్లు పెట్టడం తగ్గుతుంది. అయిదు కిలోల వేపగింజల పొడిని రాత్రంతా నీటిలో నానబెట్టి, వడగట్టి, వంద లీటర్లకు కలుపుకోవాలి. దొరకకపోతే 1500 పి.పి.ఎం. వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ. చాలు. పురుగు కనిపించడం మొదలైతే ఎమామెక్టిన్ బెంజోయేట్ లీటరుకు 0.4 గ్రాములు, లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 0.3 మి.లీ., లేదా స్పైనోసాడ్ 0.3 మి.లీ. వీటిలో ఏదో ఒక్కటే. స్పైనోసాడ్ తామర పురుగు మీద కూడా పనిచేస్తుంది. తెల్లదోమకు ఎసిటామిప్రిడ్ లీటరుకు 0.2 గ్రాములు, బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం 3 గ్రాములు. ఒకసారి వాడిన మందును వెంటనే మళ్లీ వాడకూడదు. నాలుగు మందులు ఒకే డ్రమ్ములో కలపకూడదు. మారుకా మీద ఒకప్పుడు విరివిగా వాడిన డైక్లోర్‌వాస్ 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధం. ఎవరైనా లోపలి గదిలోంచి తీసి ఇస్తే తీసుకోవద్దు. ఏ మందు కొన్నా బిల్లు అడగండి. బిల్లు లేకపోతే రేపు నకిలీ అని తేలినా మీ మాట నిలవదు.

మిరప చెప్పిన పాఠం

2021-22 పంట కాలంలో గుంటూరు, పల్నాడు, ప్రకాశం ప్రాంతాల మిరప రైతులకు జరిగింది గుర్తుచేయకుండా ఈ మాట ముగించలేం. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన నల్ల తామర పురుగు ఆ ఏడాది మిరప పూతను పట్టింది. అంతకుముందు మిరప రైతుకు తెలిసిన తామర పురుగు ఆకు మీద ఉండేది. ఇది పువ్వులోకి దూరింది. పూత విచ్చినది విచ్చినట్టే ఎండి రాలింది, కాయ పట్టలేదు. రైతులు భయపడి వారానికి రెండేసి సార్లు, దొరికిన మందల్లా కొట్టారు. పురుగు తగ్గలేదు. మితిమీరి కొట్టిన మందులకు పురుగును తినే మిత్ర పురుగులు చచ్చిపోయాయి. పెట్టుబడి రెట్టింపై చేలు వదిలేసినవారూ ఉన్నారు. శాస్త్రవేత్తలు అప్పుడు చెప్పింది ఒకటే: మందుల వరుసలు తగ్గించండి, నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి, వేప మందులు వాడండి, నత్రజని తగ్గించండి, ఊరంతా ఒకేసారి కదలండి.

ఆ పాఠం మినుముకూ వర్తిస్తుంది, మల్లెకూ వర్తిస్తుంది. మల్లె తోటలు ఉన్నవారికి మొగ్గ ఈగ సంగతి తెలిసే ఉంటుంది. ఈగ పిల్లలు మొగ్గ అడుగున చేరి తింటే మొగ్గ ఉబ్బి, ఊదారంగుకు తిరిగి, విచ్చకుండా ఎండిపోతుంది. అక్కడా మందు కన్నా ముందు చేయవలసిన పని ఉంది. మాడిన మొగ్గలను ఏరి కాల్చడం, పాదుల కింద మట్టి తిరగేసి కోశస్థ దశను ఎండకు చంపడం. కిందపడిన మొగ్గను అలాగే వదిలేసి పైనుంచి మందు కొడితే మళ్లీ వారానికి కొత్త ఈగ లేస్తుంది.

మొగ్గ రాత విత్తేనాడే

ఇక అసలు విషయానికి వద్దాం. మినుము విత్తిన 30-35 రోజులకు మొగ్గ వేస్తుంది. 75-80 రోజులకు చేతికొస్తుంది. డిసెంబరు మొదటి వారంలో చల్లిన మినుము జనవరి రెండో వారంలో, చలిగాలిలో, నేలలో ఇంకా చెమ్మ ఉండగా మొగ్గ తొడుగుతుంది. అదే మినుము జనవరి పదికి చల్లితే మొగ్గ ఫిబ్రవరి నడిమికి పోతుంది. కాయ నిండేది మార్చి ఎండల్లో. అప్పటికి నేల నెర్రె విచ్చి ఉంటుంది, వేడి ముదిరి ఉంటుంది, తెల్లదోమ, తామర పురుగు ముందుగా వేసిన చేల నుంచి ఈ లేత చేలకు చేరి ఉంటాయి. ఆలస్యంగా చల్లిన చేనుకు అన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. అప్పుడు ఎన్ని సీసాలు తెచ్చినా పోయిన నెల రోజులు తిరిగి రావు.

అందుకే ఈ నెలలో చేయవలసిన పనులు ఇవి.

విత్తనం ఇప్పుడే చూసుకోవాలి. ఎల్.బి.జి. 787, టి.బి.జి. 104, జి.బి.జి. 1, పి.యు. 31 వంటివి పల్లాకు తెగులును తట్టుకునే రకాలు. మాగాణిలో వెదజల్లడానికి ఎకరాకు 16 నుంచి 18 కిలోలు కావాలి. సొంత విత్తనమైతే గోనెసంచి తడిపి వంద గింజలు మొలకకట్టి చూడండి. బంగారు తీగ ఉన్న చేను విత్తనం వాడవద్దు.

విత్తనశుద్ధి మానవద్దు. కిలో విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. 5 మి.లీ. పట్టిస్తే మొదటి మూడు వారాలు రసం పీల్చే పురుగుల నుంచి కాపు ఉంటుంది. పల్లాకు, తలమాడు వచ్చేది లేత దశలోనే కనుక ఈ ఖర్చు తరువాతి పిచికారీల కన్నా చాలా తక్కువ.

మనుషులతో కోయించేవారు కోతకు రెండు మూడు రోజుల ముందు, నేల బురద పదునులో ఉండగా చల్లుకోవచ్చు. యంత్రంతో కోయించేవారు జాగ్రత్తపడాలి. తడి నేలలో యంత్రం దిగితే చక్రాల గాడులు పడతాయి. గాడిలో విత్తనం లోతుకు పోతుంది, వాన పడితే అక్కడే నీరు నిలుస్తుంది. యంత్రం వెనక కుప్పగా పడే గడ్డిని పరచకపోతే దాని కింద మొలక పాలిపోతుంది. మొలక సమంగా లేని చేలో పూత కూడా సమంగా రాదు. నెల రోజుల పాటు విడతలు విడతలుగా పూసే చేనులో మారుకాకు ప్రతి వారం కొత్త మేత దొరుకుతుంది.

చేను చుట్టూ నాలుగు వరుసల జొన్న గాని మొక్కజొన్న గాని వేసుకుంటే తెల్లదోమ రాకకు అడ్డం. ఎకరాకు కొన్ని పసుపు, నీలి జిగురు అట్టలు మొలకెత్తిన పదిహేను రోజులకే పెట్టాలి. పసుపు అట్ట తెల్లదోమకు, నీలి అట్ట తామర పురుగుకు.

తడి పెట్టగలిగినవారు నిండు పూతలో చేను ముంచవద్దు. మొగ్గ వేయకముందు, అంటే 30 రోజుల లోపు ఒక పలుచని తడి, 55 రోజుల తరువాత కాయ నిండేటప్పుడు మరొకటి. నీరు లేనివారు మొగ్గ దశలో 13-0-45 ఎరువును లీటరు నీటికి 10 గ్రాములు, లేదా యూరియా 20 గ్రాములు కలిపి చల్లితే మొక్క కొంత తేరుకుంటుంది. చెమ్మ పూర్తిగా ఆరిపోయాక చల్లితే ఉపయోగం తక్కువ. ఆకు వాలడం మొదలు కాకముందే చల్లాలి.

ఇవన్నీ ఒక్కరు చేస్తే సగం ఫలితమే. పక్క చేను రైతు పదిహేను రోజులు ఆలస్యంగా చల్లితే ఆయన చేనుకు మన చేను పురుగు పోతుంది. మన చేను తెగులు మొక్కలు పీకకుండా ఉంచితే ఆయన కష్టం వృథా. ఒక బోదె కింద ఉన్న రైతులంతా పది రోజుల తేడాలో చల్లుకునేలా మాట్లాడుకోవాలి. ఈ మాట గ్రామ శాఖల సమావేశాల్లో ఈ నెలలోనే జరగాలని కోరుతున్నాం.

మన చేతిలో లేనివి

ఇంతవరకు రైతు చేయగలిగింది చెప్పాం. అయితే డిసెంబరు మొదట్లో మినుము చల్లమని చెప్పడం తేలిక. అప్పటికి వరి కోతకు రావాలి కదా. వరి ఎప్పుడు కోతకొస్తుందో నిర్ణయించేది కాలువ. రైతుకు మొగ్గ మాడినందుకు సలహా ఇచ్చే అధికారులు ఈ రెండో సగం గురించి మాట్లాడరు. మేం మాట్లాడక తప్పదు.

మన ప్రాంతంలో ఎక్కువగా వేసే సన్న రకం బి.పి.టి. 5204. 1986లో మన బాపట్ల పరిశోధనా స్థానం నుంచే వచ్చింది. అన్నానికి మంచిది, ధర ఉంది, కాని ఇంచుమించు అయిదు నెలల పంట. జూన్‌లో నారు పోస్తే నవంబరులో కోతకొస్తుంది. ఆగస్టులో నారు పోస్తే జనవరి. 2022లో కృష్ణా డెల్టా కాలువలకు జూన్ 10నే నీరు వదిలారు. తుపానుల కాలానికి ముందే ఖరీఫ్ కోతలు పూర్తికావాలి, రెండో పైరుకు సమయం చిక్కాలి అన్నదే దాని ఉద్దేశం. ఉద్దేశం సరైనదే. అది ఒక ఏటి ముచ్చట కాకుండా ప్రతి ఏటా జరగాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన రోజే నీరు శివారుకు చేరదు. గుర్రపుడెక్క, తూటికాడ నిండిన కాలువలో నీరు శివారు చేను తాకేసరికి వారాలు గడుస్తాయి. కాలువ మొదట ఉన్నవారు మినుము పీకే రోజుకు శివారులో మొగ్గ వేస్తూ ఉంటుంది. ఒకే డెల్టాలో ఒకరి కాయ నిండడానికీ ఇంకొకరి మొగ్గ మాడడానికీ తేడా తరచుగా కాలువ పూడికే.

మురుగు కాలువల సంగతీ అంతే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నేలవాలి నీళ్లలో నానింది. నీరు త్వరగా దిగిన చేలలో రైతు వెంటనే మళ్లీ మినుము చల్లుకోగలిగాడు. డ్రెయిన్ పూడిన చోట నీరు దిగేసరికి అదను దాటిపోయింది. తుపానును ఆపలేం. డ్రెయిన్ పూడిక తీయడం మాత్రం మానవ మాత్రులు చేయగలిగిన పనే.

రైతులు కూడా కొంత ఆలోచించాలి. కాలువ నీరు ఆలస్యమైన ఏడు అయిదు నెలల రకానికి బదులు 125-135 రోజుల రకం వేసుకోవడం, నారు పోసి నాటడానికి బదులు వెద పద్ధతిలో విత్తుకుని వారం పది రోజులు కలుపుకోవడం మన ప్రాంతంలో ఇప్పటికే చాలామంది చేస్తున్నదే. కాని స్వల్పకాలిక రకం ధాన్యాన్ని మిల్లరు ధర తగ్గించి కొంటే రైతు మళ్లీ అయిదు నెలల రకానికే పోతాడు. వడ్ల ధర సరిగా ఉంటేనే మినుముకు అదను దొరుకుతుంది.

మొగ్గ నిలిచి కాయ నిండినా కథ అయిపోదు. 2021 మే నుంచి మినుముల దిగుమతిపై ఉన్న పరిమితిని కేంద్రం ఎత్తివేసింది. ఆ గడువును పొడిగిస్తూ వస్తోంది. బర్మా మినుములు ఓడలెక్కి వస్తుంటే మన పంట బజారుకొచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే వ్యాపారి ధర తగ్గిస్తాడు. ఒకవైపు పప్పుధాన్యాల్లో స్వయంసమృద్ధి అంటూ, ఇంకోవైపు సుంకం లేని దిగుమతి కొనసాగిస్తే ఏ రైతు ధైర్యం చేసి మినుము చల్లుతాడు?

అన్నిటికన్నా బాధ కలిగించేది కౌలుదారు పరిస్థితి. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు కార్డు కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. ఆయన సంతకం పెట్టడు. కార్డు లేనివారికి బ్యాంకు అప్పు లేదు. ఈ-పంటలో తమ పేరు ఎక్కించుకోవడం కష్టం. పేరు లేకపోతే బీమా లేదు, నష్టపరిహారం లేదు, మద్దతు ధర కొనుగోలు కేంద్రంలో అమ్మే హక్కూ లేదు. చేలో మొగ్గ మాడితే నష్టపోయేది కౌలుదారు. పరిహారం వస్తే అందుకునేది పొలం ముఖం చూడని మనిషి. దీనికంటే అన్యాయం ఇంకొకటి లేదు.

మేం కోరేవి

మొదటిది, డెల్టా కాలువలకు నీరు వదిలే తేదీని ఏప్రిల్‌లోనే ప్రకటించాలి. వేసవిలోనే కాలువల పూడిక, డ్రెయిన్ల పూడిక పూర్తిచేసి, శివారు భూములకు నీరు చేరే తేదీని కూడా చెప్పాలి. బ్యారేజీ గేట్లు ఎత్తిన తేదీతో లెక్క సరిపెట్టవద్దు.

రెండోది, తెగులు తట్టుకునే రకాల మినుము విత్తనం నవంబరు మొదటి వారానికే రైతు సేవా కేంద్రాల్లో రాయితీ మీద ఉండాలి. రైతులు బయట కొని చల్లుకున్నాక లారీ వస్తే అది రాయితీ అనిపించుకోదు. కార్డు లేని కౌలుదారుకూ ఇవ్వాలి.

మూడోది, మొగ్గ దశ నడిచే జనవరి, ఫిబ్రవరి నెలల్లో వారానికి ఒకరోజు వ్యవసాయ శాఖ సిబ్బంది, లాం పరిశోధనా స్థానం లేదా బాపట్ల వ్యవసాయ కళాశాల శాస్త్రవేత్తలు ఊళ్లలో చేలు చూడాలి. 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల మన పక్కనే ఉండగా మొగ్గ ఎందుకు మాడిందో రైతుకు మందుల కొట్టువారు చెప్పవలసిన గతి ఎందుకు పట్టాలి?

నాలుగోది, సాగు చేసేవారి పేరే ఈ-పంటలో నమోదు కావాలి. యజమాని సంతకం నిబంధన తొలగించాలి. రెండో పైరుకు కూడా గ్రామం యూనిట్‌గా బీమా వర్తించాలి.

అయిదోది, మినుము కోతలు మొదలయ్యే రోజుకే కొనుగోలు కేంద్రాలు తెరవాలి. పంట బజారుకొచ్చే నెలల్లో సుంకం లేని దిగుమతి ఆపాలి.

ఈ అయిదింటితో వినతిపత్రం తయారవుతోంది. ప్రతి గ్రామ శాఖ తమ ఊరి శివారు చేలకు ఈ ఏడు నీరు ఏ తేదీన చేరిందో, ఏ డ్రెయిన్ ఎక్కడ పూడిందో, కార్డు అందని కౌలుదారులు ఎంతమందో రాసి ఈ నెలాఖరులోగా పంపాలి. అంకెలు మన చేతిలో ఉంటే అధికారి ముందు మాట బలంగా ఉంటుంది.

ఈలోగా వరి పొలంలో చెమ్మ చూసుకోండి. విత్తనం మొలక కట్టి చూడండి. పక్క చేను రైతుతో మాట్లాడి ఒకే వారంలో చల్లుకోండి. మొగ్గ వేసే రోజుకు తెల్ల కాగితం పట్టుకుని చేలోకి దిగండి, ఆ తరువాతే, అవసరమైతేనే, మందుల కొట్టుకు వెళ్లండి.